పదిహేడో ఇంటి తూము

గట్టు కట్టిన 31వ ఏడు, కార్తీక బహుళ పంచమి, బుధవారం

ఉదయం మబ్బు. తూర్పు గాలి. వాన లేదు. పంపు జల్లెడకి పట్టిన నాచు గీకి తీశాను, రెండు తట్టలు వచ్చింది. ఊట గొయ్యిలో నీరు 22 అంగుళాలు. నిన్న 21.

ఊట గొయ్యి అరవై రెండో ఇంటి వెనక, గట్టు పాదంలో ఉంది. అందులో నీరు 30 దాటితే గట్టు లోపలి మట్టి నానిపోయినట్టు. నానిన మట్టి పోటు బరువుకి ఆగదు. ఈ లెక్క నాకెవరూ చెప్పలేదు. పక్క ఊరి ఎనిమిదో గట్టు తెగాక అక్కడి పంపు మనిషి పుస్తకం దొరికితే చదివి తెలుసుకున్నాను. ఆ పుస్తకంలో ఆఖరి అంకె 31.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తే పెరడు తడిసి ఉంది. గోంగూర మడిలో మడమ లోతు నీళ్ళు. వేలు ముంచి నాలుకకి రాసుకున్నాను. ఉప్పగా ఉంది. కాలవ నీరు.

కాలవ పడమటి నుంచి తూర్పుకి పారుతుంది. మాది పదిహేడో ఇల్లు. ప్రతి పెరట్లోకీ ఒక తూము. తూము తెరిస్తే నీరు ఆ పెరట్లో పరుచుకుంటుంది, మూస్తే కింది ఇంటివైపు పోతుంది. అందరూ మూస్తే నీరంతా ఒక్కసారిగా తూర్పు కొసన పంపు బావికి చేరుతుంది, పంపు దాన్ని గట్టు అవతలికి తోస్తుంది. ఏ తూము ఎప్పుడు మూయాలో ఊరంతా కలిసి తేల్చుకోవడానికే రోజూ పగటిపూట సముద్రం వెనక్కి తీసే పాటు గంటలో కలిసాట ఆడతారు. ఎవరింట్లో వాళ్ళు, గోడకున్న తెర పెట్టె ముందు కూర్చుని.

నేను ఆడను. పన్నెండేళ్ళ కిందట ఆట వచ్చిన కొత్తలో మూడు రోజులు ఆడి మానేశాను. ఆ గంటలో నేను పంపు దగ్గర ఉండాలని చెప్పాను. అది నిజమే కానీ అసలు కారణం కాదు. మా తూము పూర్తిగా మూసి, దాని తలుపు తిప్పే చక్రం తిరగకుండా అడ్డంగా మేకు దిగ్గొట్టాను.

ఆ మేకు ఇవాళ రెండు ముక్కలై కింద పడి ఉంది. తుప్పు పట్టి విరిగింది కాదు. మెలి తిరిగి తెగింది. ఎవరో చాలా రోజులుగా నా తూము తిప్పాలని చూస్తున్నారు.


బహుళ సప్తమి, శుక్రవారం

తెల్లవారుజామున జల్లు, తరవాత ఎండ. కొత్త మేకు, బొటనవేలంత లావుది, దిగ్గొట్టాను. చక్రం మీదా చట్రం మీదా ఒకే గీతగా సున్నం పూశాను. ఎవరు కదిపినా గీత విరుగుతుంది. ఊట గొయ్యి 23½.

గొయ్యి కొలుస్తుంటే మాణిక్యమక్క వెనక గుమ్మంలోంచి పిలిచింది. అరవై రెండో ఇల్లు ఆవిడదే. బాతుల్ని పెంచుతుంది. ఊళ్ళో అందరికంటే గట్టి గొంతు.

"ఏరా తమ్మన్నా, మొన్న మంచి పని చేశావురా. పదిహేడు తెరుచుకుంది, మీకు కాస్త తెరిపి అని చీటీ వచ్చింది. పన్నెండేళ్ళకి దయ కలిగింది దొరగారికి!"

నేను తెరవలేదని చెప్పాలనుకున్నాను. చెప్తే ఎవరు తెరిచారని అడుగుతుంది. తెలియనిది మాట్లాడకూడదని ఊరుకున్నాను.

"మాటాడవేంట్రా? ఆటలో అయితే వసపిట్టలా వాగుతావు గదా!"

కొలకర్ర కడుక్కుని వచ్చేశాను. కానీ దారంతా ఆ మాటే. నేను ఏ ఆటలోనూ వాగలేదు. ఏడాదిగా ఊళ్ళో జనం నన్ను చూసి నవ్వుతున్నారు. కొందరు భుజం తడుతున్నారు. ఎందుకో అడగలేదు. అడిగి ఉండాల్సింది.


బహుళ నవమి, ఆదివారం

ఎండ. గాలి లేదు. పంపు పట్టా బిగించాను. ఊట గొయ్యి 25.

పంపు ఇవాళ కూడా గాలి పీల్చింది. బావిలో నాలుగు అడుగుల నీరుంటేనే దానికి పట్టు దొరుకుతుంది. నీరు అలా రావడం లేదు. రోజంతా సన్న ధారగా వస్తోంది. ఎక్కడో ఆగుతోంది. అరవై రెండు పెరళ్ళలో ఆగి, నెమ్మదిగా ఇంకి, గట్టు కిందికి పోతోంది.

ఎలాగూ పంపు నడవదని ఆపేసి, ఆట గంటకి, పావు తక్కువ పదకొండుకి, ఇంటికి వచ్చాను. పొయ్యి గదిలో నిలబడి కిటికీ సందులోంచి చక్రాన్ని చూశాను. పెరట్లో మనిషి లేడు. గోడ అవతలా లేడు. గంట కొట్టగానే చక్రం దానంతటదే వణికింది. మేకు అడ్డం పడి కీచుమంది. కాసేపు ఆగి మళ్ళీ నెట్టింది. ఎనిమిదిసార్లు లెక్కపెట్టాను. తొమ్మిదోసారి మేకు వంగింది, తూము జానెడు తెరుచుకుంది, సున్నం గీత రెండుగా విడిపోయింది.

చక్రాలకి మోటార్లున్న సంగతి తెలుసు. ఆట ముందు కూర్చున్నవాళ్ళు తిప్పితే తిరుగుతాయి. అంటే నా పేరుతో ఎవరో ఆట ముందు కూర్చుంటున్నారు.

ఆట అయ్యాక గోడ పెట్టెలోంచి చీటీ వచ్చింది. రోజూ వస్తుంది. ఎవరు ఏమన్నారో, ఎవరు ఎవరి మీదికి నీళ్ళు వదిలారో అందులో ఉంటుంది. నేను వాటితో నూనె చేతులు తుడుచుకుంటాను. ఇవాళ మొదటిసారి చదివాను.

"పదిహేడు, తమ్మన్న: అందరికీ నమస్కారం. పద్దెనిమిదివారు ముందు, నేను తరవాత. మీ పెరడు మా పెరడు వేరు కాదు."

ఇలాంటి మాట నా నోట్లోంచి రాదు. రెండు చుక్కలు కూడా ఇచ్చారు ఎవరో. చుక్కలు ఎక్కువున్నవాళ్ళకి మంచినీళ్ళ వరసలో ముందు చోటు. నాకు ఈ మధ్య ముందు చోటు ఎందుకిస్తున్నారో ఇప్పుడు అర్థమైంది.

మునిమాపు వేళ నేర్పుడు ఆట ఆడుకున్నాను. కలిసాట రాకముందు నేర్చుకోవడానికి ఇంటికొకటి ఇచ్చారు. ఇదే ఊరు, ఇదే కాలవ, ఇవే పోట్లు. మనుషులు మాత్రం ఉండరు. అరవై రెండు తూములూ నేనే. అందరూ తిరిగి ఇచ్చేశారు, నేను దాచుకున్నాను. తీగ లేదు, దేనికీ తగిలించి లేదు. ఇందులో తూము మూస్తే తూము మూసుకుంటుంది, అంతే. ఎవరి మొహమూ ముడుచుకోదు. నేను తప్పు చేస్తే నీళ్ళు వస్తాయి, సరిదిద్దుకుంటే పోతాయి. నేను లేచి వెళ్తే ఆట వదిలిన చోటే ఉంటుంది, నా కోసం చూడదు, నేను లేకుండా ముందుకి పోదు. దానికంటే ఎక్కువ సాంగత్యం నాకు అక్కర్లేదు.

ఇవాళ్టి నీటి లెక్కలు అందులో వేసి ఆడాను. పడమటి నుంచి వరసగా మూసుకుంటూ వస్తే ఇరవై నిమిషాల్లో బావి నిండింది. పంపు పట్టింది. గొయ్యి 25 నుంచి దిగడం మొదలైంది. అంటే పంపు తప్పు కాదు. వాన తప్పు కాదు. ఈ ఊరికీ ఆ ఊరికీ తేడా మనుషులే.


బహుళ దశమి, సోమవారం

మబ్బు. పడవల రేవు దగ్గర ఈగలు ఎక్కువ, అంటే వాన వస్తుంది. పంపు గది కప్పు మీద రేకు మేకులు బిగించాను. ఊట గొయ్యి 26.

అమావాస్య శనివారం. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి ఈ ఏటికల్లా పెద్ద పోటు. ఇప్పటి నడక చూస్తే ఆ పొద్దుటికి గొయ్యి 30 దాటుతుంది. వేళ్ళు మడిచి మూడుసార్లు లెక్కపెట్టాను.

పక్కింటి సూరన్న రేవులో నలుగురు వినేలా అడిగాడు. పద్దెనిమిదో ఇల్లు వాడిది.

"ఏం బావా, పంపు గదిలో ఒక్కడివే కూర్చుని ఏం చేత్తుంటావు? పంపు ఆపేసి బొమ్మలాట ఆడుకుంటున్నావంట గదా?"

"ఎవరన్నారు?"

"అందరూ అనుకుంటన్నారు. నా బాత్రూం గోడ చెమరుత్తంది మరి."

"పంపు గాలి పీలుస్తోంది. నీళ్ళు రావడం లేదు."

"ఊరంతా నీళ్ళే కదయ్యా! నీకొక్కడికే రావటం లేదా?"

నలుగురూ నవ్వారు. నేను నవ్వలేదు. సూరన్న మొహంలోకి చూశాను. నా పేరుతో కూర్చునేది వీడేనా? మా ఇద్దరి మధ్య గోడొక్కటే అడ్డం. నేను తెరిస్తే లాభం వీడికే. అనుమానం నంబరు ఒకటి, సూరన్న.

ఎవరి పేరుతో ఆటలో కూర్చోవాలన్నా ఆ పేరు తాళాలు ఉండేది ఆటపెద్ద జోగయ్యగారి దగ్గర. అనుమానం నంబరు రెండు, జోగయ్యగారు. రెండోదే గట్టిగా అనిపిస్తోంది.


బహుళ ద్వాదశి, బుధవారం

నిన్న రోజంతా వాన, ఇవాళ తెరిపి. పంపు గదిలోకి చేరిన నీళ్ళు ఎత్తిపోశాను, ముప్పై బకెట్లు. ఊట గొయ్యి 28. నిన్న కొలిచాను కానీ పుస్తకం తడవకూడదని రాయలేదు. నిన్న 27.

ఆట గంట అయ్యాక జోగయ్యగారింటికి వెళ్ళాను. ఆయన నాలుగో ఇల్లు. కుర్చీ చూపించారు, నేను నిలబడ్డాను.

"ఏవయ్యా తమ్మన్నా! ఇవాళ ఆటలో భలే మాటన్నావయ్యా. నీళ్ళు అతిథులు అన్నావు చూడు, ఆయ్, కడుపు నిండిపోయింది."

"నేను అనలేదండి. ఆ గంటలో పంపు గదిలో నీళ్ళు ఎత్తిపోస్తున్నాను."

ఆయన చుట్టూ చూశారు.

"మరి నా పేరుతో అన్నది ఎవరండి?"

"గట్టిగా మాటాడకయ్యా." గొంతు తగ్గించారు. "ఎవరూ కాదు. నిరుడు ఆట ఇచ్చినోళ్ళు దాన్ని మార్చి పంపారు కదా. అంతకు ముందు రాని ఇంటి ఎదురుగా రాలేదు అని పడేది, తగువులయ్యేవి. ఇప్పుడు రానివాళ్ళ కుర్చీలో ఆటే ఒక బదులు మనిషిని కూర్చోబెడుతుంది. అదే మొహం, అదే గొంతు. ఆట ఆగకుండా ఉంటుందని."

"ఆ బదులు మనిషి తూము మూస్తాడా?"

"మర్యాదగా ఉంటాడయ్యా. మూస్తే కిందోళ్ళ చీటీలో పేరు పడుతుంది కదా, ఫలానావారు మీ మీదికి నీళ్ళు వదిలారని. ఒకరి పేరు మీద చెడ్డ రాకూడదని, రెండు పక్కలోళ్ళూ ముందు మూస్తేనే తనూ మూస్తాడు."

"పక్కోళ్ళు మూయకపోతే?"

"మూయకపోవడమేంటి? మనుషులున్నారు కదా, చూసుకుంటారు. బదులు మనిషి నీ ఒక్కడికే."

ఈ ఆఖరి మాట చాలా తొందరగా అన్నారు. నాకు నచ్చలేదు. నా ఒక్క తూము తెరుచుకుంటే గొయ్యి వారంలో ఆరు అంగుళాలు పెరగదు.

"చక్రాలు చేత్తో తిప్పుకుందామండి, ఈ మూడు రోజులూ."

"పిడులు ఎప్పుడో తీసి రేవు కట్టడంలో వాడేశాం. ఆటలో కూర్చుంటే తప్ప తిరగవు. నువ్వు కూర్చుంటే నీ బదులు మనిషి లేచిపోతాడు. అంతే."

రేపు కూర్చోవాలి.


బహుళ త్రయోదశి, గురువారం

కుండపోత. గోంగూర మడి పోయింది. పంపు ఆపి, తలుపు బిగించి, ఇంటికి వచ్చాను. ఊట గొయ్యి 29.

పావు తక్కువ రెండుకి పెట్టె ముందు కూర్చున్నాను. చేతులు కడుక్కుని. పన్నెండేళ్ళ తరవాత. తెర మీద అరవై ఒక్క మొహాలు, చిన్న చిన్న గళ్ళలో, అన్నీ నా వైపే చూస్తూ. నేను మానేసింది దీనివల్లే.

"నమస్కారం తమ్మన్నగారూ," అన్నాడు సూరన్న. "ఇవాళ మీ దర్శనం ఎంతో ఆనందంగా ఉంది."

సూరన్న పుట్టాక ఎవరినీ గారు అని పిలవలేదు. నన్నయితే పేరు పెట్టి అసలు పిలవడు.

నా తూము పూర్తిగా మూశాను. నీరు వాడి పెరటి మీదికి మళ్ళింది.

"పర్వాలేదండి తమ్మన్నగారూ. మీ వీలు ముఖ్యం."

తెరిచి మళ్ళీ మూశాను. పర్వాలేదండి, మీ వీలు ముఖ్యం. మూడోసారి మూశాను. అదే మాట, అంతే నవ్వు. అసలు సూరన్న అయితే మొదటిసారికే కర్ర పట్టుకుని గోడ దగ్గరికి వచ్చేవాడు.

కుర్చీ మీంచి లేచి కిటికీలోంచి గోడ అవతలికి చూశాను. సూరన్న అరుగు మీద, వాన జల్లు పడని మూలన, నాకు ఓరగా తిరిగి కూర్చున్నాడు. చేతిలో అరచేతంత పాత ఆట పెట్టె. అందులో ఒక బొమ్మ మనిషి ఒంటరిగా కొండ ఎక్కుతున్నాడు. సూరన్న నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని ఆడుతున్నాడు. నా వెనక తెర మీద సూరన్న మొహం అందరినీ క్షేమం అడుగుతోంది.

తిరిగి కూర్చుని ఒక్కొక్క గడినీ చూశాను. నేను కదిలితే అందరి కళ్ళూ ఒకేసారి కదులుతున్నాయి. తూములు కిందికి సగం దిగుతాయి, ఆగుతాయి, పక్కవాళ్ళ తూము చూస్తాయి, మళ్ళీ లేస్తాయి. పంక్తిలో కూర్చుని పక్కవాడు చెయ్యి పెట్టేదాకా విస్తరి ముట్టని పెద్దమనుషుల్లా ఉన్నాయి. అందరూ అలాగే కూర్చుంటే అన్నం చల్లారిపోతుంది. ఇక్కడ ఊరు నానిపోతోంది.

అప్పుడు పెట్టెలోంచి కేక.

"ఒరే తమ్మన్నా! కళ్ళు నెత్తి మీదికెక్కాయా? మూసి తెరిచి మూసి తెరిచి, ఆ నీళ్ళన్నీ అలలుగా వచ్చి నా బాతుల గూడు మీద పడతన్నాయి! మతి పోయిందేంట్రా?"

మాణిక్యమక్క. ఆవిడ గడిలో జుట్టు రేగి ఉంది, పక్కన బాతు కూడా ఉంది.

పన్నెండేళ్ళలో నన్ను ఎవరైనా తిట్టినందుకు సంతోషించడం ఇదే మొదలు.

"అక్కా, నువ్వు నిజంగా ఉన్నావా?"

"ఉండక చచ్చానా? అదేం మాటరా!"

"ఆటలో నిన్ను ఎవరైనా ఈ మధ్య తిట్టారా?"

ఆవిడ బాతుని దగ్గరికి తీసుకుంది. "లేదురా. ఏడాదై ఉంటుంది. అందరూ మంచోళ్ళయిపోయారు. మొదట బాగానే ఉంది. ఈ మధ్య ఎందుకో భయమేత్తంది."

నేను గొడుగు తీసుకుని జోగయ్యగారింటికి పరిగెత్తాను. ఆట గంట ఇంకా నడుస్తోంది, ఆయన మొహం తెర మీద నీతులు చెప్తోంది. ఆయన మాత్రం మంచం మీద బోర్లా పడుకుని దిండు కింద పెట్టుకుని చేపల ఆట ఆడుతున్నారు. ఒంటరిగా. గాలం, నీళ్ళు, ఒక చేప. నన్ను చూసి దిండు మీదికి లాక్కున్నారు.

"ఈ ఒక్క రోజేనయ్యా," అన్నారు.

"ఎన్నాళ్ళ నుంచండి?"

దిండు సర్దుకుని, "చైత్రం నుంచి," అన్నారు. "నేనొక్కణ్ణే మానేశాను అనుకున్నాను. చీటీలు చదివితే అందరూ వస్తున్నట్టే ఉంది. నేనూ చీటీ చదివి, మర్నాడు రేవులో నిన్న భలే అన్నావు అంటున్నాను."

"నాకూ అలాగే అన్నారు."

"ఆయ్."

ఇద్దరం వానలో ఇల్లిల్లూ తిరిగాం. ఒకరు నిద్ర. ఒకరు పేకముక్కల ఆట, ఎదురుగా ఎవరూ లేకుండా. ఒకావిడ రంగు రాళ్ళు పేర్చే ఆట. సూరన్న కొండ ఎక్కేశాడు, జెండా చూపించాడు. ప్రతి ఒక్కరూ గుమ్మంలోకి వచ్చి మొదట అబద్ధమాడారు, తరవాత ఒకే మాట అన్నారు. నేనొక్కణ్ణే అనుకున్నాను. నేనొక్కదాన్నే అనుకున్నాను.

ఎందుకు మానేశారని అడిగితే సూరన్న చెప్పింది ఇదీ. "మూత్తే నాకు చెడ్డపేరు. మూయకపోతే నా పెరడు మునుగుద్ది. ఎటూ మాట పడాలి. బదులోడు మాట పడడు కదా బావా. హాయిగా ఉంది."

అరవై రెండు ఇళ్ళలో అరవై ఒక్క బదులు మనుషులు, ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ, ఒకరికొకరు చుక్కలు ఇచ్చుకుంటూ ఏడాదిగా ఒక్కొక్కరుగా చేరి ఊరు నడుపుతున్నారు. మనిషి ఒక్కతే. ఆవిడ తూము ఆఖరిది, మూసినా లాభం లేదు. ఊరంతా నాలాంటివాళ్ళేనని తెలిసి నాకు సంతోషం కలగలేదు. ఒంటరి ఆట నా ఒక్కడి సొత్తనుకున్నాను, అందువల్ల ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

చివరికి మాణిక్యమక్క ఇంటికి వెళ్ళాం. వంటింట్లో నేల చెమరుస్తోంది. జోగయ్యగారు చెప్పలేకపోయారు. నేనే చెప్పాను, తక్కువ మాటల్లో. ఆవిడ బాతు వీపు నిమురుతూ విన్నది. అరవలేదు.

"మరి ఆషాఢంలో నాకు జొరం వచ్చినప్పుడు రోజూ పలకరించింది ఎవర్రా?"

నేరుగా ఇంటికి వచ్చేశాను. ఇంట్లో నూనె తుడిచిన చీటీలు గోనెసంచిలో ఉన్నాయి. ఆషాఢం నాటివి ఏరి విప్పి చూశాను. పదహారు రోజులు పలకరించింది పదిహేడో ఇల్లు. జొరం తగ్గిందా అక్కా, జావ తాగావా అక్కా. ఆ పదహారు రోజులూ నేను ఆవిడ ఇంటి వెనకే ఊట గొయ్యి కొలిచి, తలుపు వేసి ఉందేమిటి అనుకుంటూ వచ్చేశాను. పుస్తకంలో చూశాను, అంగుళాలు ఉన్నాయి. ఆవిడ సంగతి ఎక్కడా లేదు.


బహుళ చతుర్దశి, శుక్రవారం

వాన ఆగింది. గాలి తూర్పు నుంచి బలంగా. పంపు బేరింగుల్లో నూనె పోశాను. ఊట గొయ్యి 29½. పెద్ద పోటు రేపు పొద్దున తొమ్మిదింటికి. దానికి ముందు మిగిలింది ఈ ఒక్క ఆట గంటే.

జోగయ్యగారు తీగ లాగించి మా ఇంటి కలిసాట పెట్టె పంపు గదిలో నూనె పీపా మీద పెట్టించారు. ఒక కన్ను పంపు మీద, ఒకటి తెర మీద. రెండున్నరకి గంట. ఒక్కొక్క గడీ వెలిగి ఆరి మళ్ళీ వెలిగింది, బదులు మనిషి లేచి మనిషి కూర్చున్నప్పుడల్లా. వీళ్ళలో ఎంతమంది అసలువాళ్ళో నాకు నమ్మకం లేదు. ప్రతి గడినీ అనుమానంగానే చూస్తున్నాను.

పడమటి నుంచి వరసగా మూయాలి, ఎవరూ ఆగకూడదు అని చెప్పాను. ఇంతమందికి ఒకేసారి నేను మాట చెప్పడం ఇదే మొదలు.

మొదటి తూము మూశారు. రెండోవారి పెరట్లోకి నీళ్ళు. తిట్టారు. మంచిది, మనిషే. రెండు, మూడు, నాలుగు. జోగయ్యగారు తిట్లు తిన్నారు. ఏడు దగ్గర ఆగింది. "పర్వాలేదండి, మీరు ముందు," అంది ఏడు. జోగయ్యగారు కండువా బిగించి, ఏడో ఇంటికి పోయొస్తానని తన గడిలోంచి లేచి పరిగెత్తారు. రెండు నిమిషాలకి గడి ఆరి వెలిగి, "నిద్ర పట్టేసిందండి," అంది.

పదహారు మూశాక నీళ్ళు నా పెరట్లోకి వచ్చాయి. నేను మూశాను. సూరన్న లేచి నిలబడ్డాడు.

"ఏం బావా! పన్నెండేళ్ళు రాకుండా ఇవాళ వచ్చి మొదట నా నెత్తినే పోత్తావా?"

"నువ్వు మూయి."

"మూత్తాను. కానీ రాసి పెట్టుకో. నా గోడ కూలితే నీ గోడ ఇటికలతో కడతాను."

"కట్టుకో. ముందు మూయి."

మూశాడు. పందొమ్మిదివారు వాడి వంశమంతా తలుచుకున్నారు. గదిలో ఇంత గోల ఎప్పుడూ లేదు. చెవులు నొప్పి పుడుతున్నాయి. రేపు పోటు దాటాక మళ్ళీ నేర్పుడు ఆటే ఆడుకుంటాను, అందులో మార్పు లేదు. కానీ ఈ గంట మాత్రం రోజూ ఇక్కడే.

మూడు గంటల ఐదు నిమిషాలు. యాభై తొమ్మిది, అరవై, అరవై ఒకటి. మాణిక్యమక్క తన తూము మూసింది. బావిలో నీరు చప్పుడు చేస్తూ వచ్చి పడింది. రెండు అడుగులు. మూడు. నాలుగు దాటింది. మీట వేశాను. పంపు రెండుసార్లు దగ్గి పట్టింది. గొట్టం బిగిసింది. గట్టు అవతల నీళ్ళు పడుతున్న చప్పుడు. ఈ చప్పుడు విని ఏడాదైంది.

మూడున్నర. పెరళ్ళు ఖాళీ అవుతున్నాయని పైనుంచి ఒక్కొక్కరే చెప్తున్నారు. ముగ్గురిలో ఒకరు అబద్ధమాడతారని లెక్క వేసుకున్నా సరిపోతుంది. బావి ఇంకా నాలుగు అడుగులకి పైనే.

మూడూ నలభై. గొయ్యి దగ్గరికి కొలకర్ర తీసుకుని వెళ్ళాలి. మాణిక్యమక్క పెట్టెలోంచి పిలుస్తోంది. వంటింటి నేల చెమ్మ దిగిందో లేదో తనకి కళ్ళు ఆనడం లేదట, వచ్చి చూడమంటోంది. ఈ నాలుగు అక్షరాలూ రాసి వస్తానన్నాను. "రాతలు తరవాత రాసుకోవచ్చు, ముందు రారా," అంటోంది. సూరన్న కూడా వస్తాడట, నన్ను నమ్మడట. వెళ్తున్నాను, అంకె వచ్చాక వేస్తాను.

ఊట గొయ్యి